విన్నారా

నెరబైలు దాటినాక జీపు దీపాలు ఆర్పేశాడు.
"ఇంక మీ కాళ్లూ, నా చెవులూ" అన్నాడు గంగులప్ప.
తలకోన అడవికి తలుపు తీసే మనిషి.
చంకలో పిట్టల పుస్తకం, అట్ట ఊడితే
సైకిల్ ట్యూబు ముక్కతో కట్టింది.

మేం ఏడుగురం.
బ్యాంకు పని చాలించిన శఠకోపం గారు,
ఆయన మెడలో ఆయనకంటే బరువైన కెమెరా.
పీలేరు నుంచి కొత్త జంట, గోరింట ఇంకా వదల్లేదు.
మదనపల్లె మండీలో టమాటా లెక్కలు
ఒక్క పూట వదిలొచ్చిన అన్నదమ్ములు.
మా అక్క కూతురు ఇందువదన, ఆరో తరగతి.
తిరుపతి ఆసుపత్రిలో
చెవులు పరీక్ష చేసే నేను.

గిల్లతీగ కింద ఆపాడు.
ఏనుగు తొండమంత లావు,
చెట్టుకీ చెట్టుకీ వరసలు కలుపుకుంటూ పోయిన తీగ.
వేలెత్తి, "విన్నారా?"

విన్నాం. సూదిమొనంత ఈల.
"యా పక్క?" అన్నాడు.
ఇందు చెయ్యి చాపింది.
"అద్గదీ! తేనెపిట్ట. మొగది.
నల్లంగా ఉండాదా? ఎండ తగలనీ, ఊదా అవుతుంది."
అయింది.
శఠకోపం గారి కెమెరా పళ్లు కొరికింది.

నరికిన ఎర్రచందనం మొద్దు ఒకటి దారిలో,
లోపల ఇంకా మాంసం రంగు.
అక్కడ మాత్రం ఆగలేదు, ఏమీ అడగలేదు.

జాలారి చెట్ల కింద మళ్లీ, "విన్నారా?"
మూడోసారికి నాకు అర్థమైంది.
అయ్యవారు పిల్లల్ని అడిగినట్టు కాదది,
చీకట్లో మెట్టుందో లేదో
కాలు అడిగినట్టు.

కొమ్మల వైపు చూడటంలేదు ఆయన.
మా మెడలు ఎటు తిరిగితే
ఆ తర్వాత అటు.

గాజుగదిలో రోజూ చూస్తాను
బొత్తాం నొక్కాల్సిన చోట నొక్కకుండా
నా పెదాలు వెతికే కళ్లని.
సన్నటివి ముందు పోతాయి:
దోమ, కాలిపట్టీ, మనవరాలి గుసగుస.
లావు గొంతులు కడదాకా ఉంటాయి:
లారీ, ఉరుము, అప్పులోడు.

వాగు దగ్గర పులిహోర పొట్లాలు విప్పాం.
పక్కన కూచున్నాను.
గట్టిగా అడగలేను,
మెల్లగా అడిగితే వినపడదు.

ఆయనే అన్నాడు, చేతికంటిన పసుపు నీళ్లలో కడుక్కుంటా:
"చెవులాసుపత్రిలో గదా మీరు, పాప చెప్పింది.
మూడేండ్లాయ.
ముందర తేనెపిట్ట పోయె, ఆనక చీమచిట్టు.
ఏటికొక పిట్ట అడవి ఇడిసి పోతా ఉండాది.
పోయేది అడవి గాదని తెలుసులే.
ఆఫీసోళ్ల దగ్గర అనొద్దు."

"మిషను పెట్టుకోవచ్చు కదా" అన్నాను.
"పెట్టి చూసినా, మా బామ్మర్దిది.
అన్నీ ఒక్క చోట్నించే అరిచినాయి, నా తలకాయలోంచి.
పిట్ట యాడుండాదో చెప్పని చెవిని
ఏం చేసుకునేది?"

పదకొండేళ్ల ఉద్యోగంలో
ఎవరూ అడగలేదు నన్ను ఆ మాట.
పొట్లం మడిచాను, మళ్లీ విప్పాను.

అప్పుడు లోయ అవతల,
ఖాళీ బానలో తలపెట్టి పిలిచినట్టు,
ఊప్. ఊప్. ఊప్.

మేం ఏడుగురం మాటల్లో ఉన్నాం.
ముందు తిరిగింది ఆయన మెడ.
లేచి నిలబడ్డాడు, లుంగీ సర్దుకోవడం మరిచి.
"విన్నారా!"
ఈసారి అది ప్రశ్న కాదు.

"జెముడుకాకి" అన్నాడు.
తనలో తనే నవ్వి,
"చెముడొచ్చినోడికి జెముడుకాకే దిక్కు."
నవ్వాలో వద్దో తెలీక కొత్త పెళ్లికూతురు
గోరింట చేతుల్ని చూసుకుంది.

జీపు దగ్గర ఇందుని అడిగాడు,
"వచ్చే ఆదివారం వస్తావా పాపా?
నీ చెవులు నాకు బదులియ్యి."
పరీక్షలున్నాయంది ఆ పిల్ల, నిజాయితీగా.

సోమవారం.
గాజుగదిలో ఎవరో రేణిగుంట పెద్దాయన.
ధ్వని సన్నబడేకొద్దీ
కాగితం మీద గీత కిందికి జారుతోంది, కొండ దిగినట్టు.
కడపటి చుక్క దగ్గర
పెన్సిల్‌తో "తేనెపిట్ట" అని రాసి,
డాక్టరు చూడకముందే చెరిపేశాను.